80 మ్యాచ్‌ల సస్పెన్షన్: టీమ్ ఖాతాలో ఏం పడుతుంది?

అందరికీ నమస్కారం. మీలో కొందరు పిల్లల్ని ప్రతి శనివారం లిటిల్ లీగ్ మైదానానికి తీసుకెళ్లే అమ్మానాన్నలు. కొందరికి క్రికెట్ తప్ప మరో ఆట పట్టదు. ఇద్దరికీ అర్థమయ్యేలా మాట్లాడాలని నా ప్రయత్నం. బేస్‌బాల్ బాగా తెలిసినవాళ్లు, నేను మధ్యమధ్యలో రూల్స్ విడమరిచి చెబుతుంటే కాస్త ఓపిక పట్టండి.

2022 ఆగస్టు 12, శుక్రవారం. శాన్‌డియాగో పాడ్రేస్ జట్టు ఆ రోజు వాషింగ్టన్‌లో ఆడుతోంది. సరిగ్గా పది రోజుల ముందు ఆ జట్టు, తాను పెంచుకుంటున్న కుర్రాళ్లను చాలామందిని వదులుకుని స్టార్ బ్యాటర్ హువాన్ సోటోను తెచ్చుకుంది. మరో స్టార్ మానీ మచాడో అప్పటికే ఉన్నాడు. ఇక రావలసింది ఫెర్నాండో టాటిస్ జూనియర్. వయసు 23. 2021లోనే ఆ కుర్రాడికి 14 ఏళ్లకు 34 కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాసిచ్చారు. మణికట్టు విరగడం వల్ల 2022 సీజన్‌లో అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఎముక అతుక్కుంది, మైనర్ లీగ్‌లో ప్రాక్టీసు మ్యాచ్‌లు ఆడుతున్నాడు, నేడో రేపో వచ్చేస్తాడు. ముగ్గురూ ఒకే జట్టులో కలిసి ఆడే రోజు కోసం ఊరంతా ఎదురుచూస్తోంది. ఆ శుక్రవారం లీగ్ ప్రకటన వచ్చింది. క్లోస్టెబాల్ అనే స్టెరాయిడ్ టెస్టులో దొరికింది, 80 మ్యాచ్‌లు సస్పెన్షన్ అని.

తామరకు వాడిన మందులో అది ఉందని, చూసుకోలేదని టాటిస్ చెప్పాడు. అప్పీలు చేయలేదు. తెలిసి వాడాడా, తెలియక వాడాడా అని వారాల తరబడి టీవీల్లో చర్చ జరిగింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మాటంతా ఆటగాడి చుట్టూనే తిరుగుతుంది. వాడి పరువు, వాడి రికార్డులు, వాడి క్షమాపణ. ఇవాళ నేను జట్టు గురించి మాట్లాడదలచుకున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇప్పుడున్న పద్ధతి ఆటగాడిని గట్టిగానే శిక్షిస్తోంది, అందులో నాకు అభ్యంతరం లేదు. జట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంతా అదృష్టానికి వదిలేస్తోంది. ఒక జట్టు నిండా మునుగుతుంది. ఇంకో జట్టుకి ఎదురు డబ్బు మిగులుతుంది. ఇది న్యాయం కాదు.

రూల్స్ క్లుప్తంగా చెబుతాను. మేజర్ లీగ్‌లో 30 జట్లు. మార్చి చివర మొదలై సెప్టెంబరు చివరిదాకా ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అంటే దాదాపు రోజూ ఆటే. ఆ తర్వాత అక్టోబరులో ప్లేఆఫ్స్, చివర వరల్డ్ సిరీస్. డోపింగ్‌లో మొదటిసారి పట్టుబడితే 80 మ్యాచ్‌లు, అంటే సగం సీజన్. రెండోసారి 162, అంటే ఒక పూర్తి ఏడాది. మూడోసారి శాశ్వత నిషేధం. న్యూయార్క్ మెట్స్ పిచ్చర్ (క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు) హెన్రీ మెహియా 2016లో ఆ మూడో మెట్టు దాకా వెళ్లిన మొదటివాడు. తర్వాత లీగ్ అతనికి తిరిగి అనుమతి ఇచ్చింది, అది వేరే కథ. సస్పెన్షన్ రోజులకు జీతం ఉండదు.

ఈ కట్టుబాటు మొదటి నుంచీ లేదు. 2003లో పేర్లు బయటపెట్టకుండా ఒక సర్వేలాగా పరీక్షలు చేశారు. 5 శాతానికి మించి పాజిటివ్ వస్తేనే అసలు పరీక్షలు మొదలుపెడతామన్నారు. మించింది. 2004లో మొదటిసారి దొరికితే చికిత్సే, సస్పెన్షన్ లేదు. 2005లో మొదటి తప్పుకి పది రోజులు. పది రోజులే! అమెరికా పార్లమెంటు గట్టిగా నిలదీశాక 2006 నుంచి 50 మ్యాచ్‌లు, 100 మ్యాచ్‌లు, శాశ్వత నిషేధం అన్నారు. ఇప్పుడున్న 80, 162 లెక్క 2014లో వచ్చింది.

క్రికెట్ చూసేవాళ్లకి 2019లో పృథ్వీ షా సంగతి గుర్తుండే ఉంటుంది. దగ్గు సిరప్‌లో టెర్బుటలిన్ ఉందని ఎనిమిది నెలలు ఆటకు దూరం పెట్టారు. ఇక్కడా సూత్రం అదే. ఒంట్లోకి ఏది వెళ్లినా బాధ్యత ఆటగాడిదే.

ఇక అసలు విషయం. పట్టుబడిన ఆటగాడి జట్టుకి ఏమవుతుంది? రూల్స్ ప్రకారం అయితే ఏమీ కాదు. అంతకుముందు ఆ ఆటగాడు గెలిపించిన మ్యాచ్‌లు గెలిచినట్టే ఉంటాయి. పాయింట్ల కోత లేదు, జట్టుకి జరిమానా లేదు. అదే సమయంలో జట్టు కూడా ఆటగాడిని సొంతంగా మరో శిక్ష వేసి వదిలించుకోలేదు. కాంట్రాక్టు రద్దు చేస్తామంటే కుదరదు. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందంలో రాసిన శిక్షే శిక్ష. కాబట్టి పాడ్రేస్ మిగిలిన కోట్లన్నీ టాటిస్‌కి ఇవ్వాల్సిందే. సస్పెన్షన్ కాలపు జీతం మాత్రం జట్టుకి మిగులుతుంది. జీతాల మొత్తం ఒక హద్దు దాటిన జట్లు లీగ్‌కి లగ్జరీ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ లెక్కలో కూడా సస్పెన్షన్ జీతం పడదు. ఈ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

పాడ్రేస్ మునిగిపోలేదు. టాటిస్ ఆడే షార్ట్‌స్టాప్ స్థానంలో, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసే చోట, కొరియా కుర్రాడు హాసాంగ్ కిమ్ నిలబడ్డాడు. 89 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. 101 మ్యాచ్‌లు గెలిచిన మెట్స్‌ని ఓడించారు, 111 గెలిచిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ని ఓడించారు, చివరికి ఫిలడెల్ఫియా దగ్గర ఆగారు. ఇక్కడ ఒక విచిత్రమైన లెక్క ఉంది. టాటిస్ సస్పెండ్ అయ్యేనాటికి సీజన్‌లో 48 మ్యాచ్‌లు మిగిలాయి. ప్లేఆఫ్స్‌లో జట్టు 12 ఆడింది. అవి కూడా శిక్షలో కలిశాయి. 60 అయ్యాయి. మరుసటి ఏడాది సీజన్‌లో 20 మ్యాచ్‌లు కూర్చుంటే సరిపోయింది. అంటే అతను లేకుండా తోటివాళ్లు అక్టోబరులో చెమటోడ్చిన ప్రతి మ్యాచ్ అతని శిక్షని ఒక్కో మ్యాచ్ తగ్గించింది. ఈలోగా జట్టు 11 ఏళ్లకు 28 కోట్ల డాలర్లు పెట్టి షార్ట్‌స్టాప్ జాండర్ బోగార్ట్స్‌ని కొన్నది. సస్పెన్షన్ ఒక్కటే దానికి కారణం అనను. టాటిస్ తిరిగొచ్చేసరికి అతని పాత స్థానం లేదు. రైట్ ఫీల్డ్‌కి, అంటే బౌండరీ వైపు కుడి పక్కకి మారాడు. ఆ ఏడాదే అక్కడ ఉత్తమ ఫీల్డర్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ గెలిచాడు. కుర్రాడి ప్రతిభ మీద నాకు ఎలాంటి సందేహం లేదు. అందుకే బాధ ఎక్కువ.

ఇప్పుడు పదేళ్లు వెనక్కి వెళ్దాం. 2012, శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్. మెల్కీ కాబ్రెరా ఆ ఏడాది .346 సగటుతో కొడుతున్నాడు, అంటే వెయ్యి అవకాశాలకు 346 హిట్లు, చాలా మంచి సగటు. మేజర్ లీగ్‌లో నేషనల్, అమెరికన్ అని రెండు లీగ్‌లు. జూలైలో ఆ రెండిటి స్టార్ల మధ్య ఆల్‌స్టార్ మ్యాచ్ జరిగింది, జెయింట్స్ ఉన్న నేషనల్ లీగ్ 8-0తో గెలిచింది, కాబ్రెరాయే ఆ మ్యాచ్‌కి ఉత్తమ ఆటగాడు. అప్పట్లో ఒక రూల్ ఉండేది. ఆల్‌స్టార్ మ్యాచ్ గెలిచిన లీగ్ జట్టుకే వరల్డ్ సిరీస్ మొదటి రెండు మ్యాచ్‌లు సొంత మైదానంలో దక్కేవి. ఆగస్టు 15న కాబ్రెరా టెస్టోస్టెరాన్‌తో దొరికాడు. 50 మ్యాచ్‌లు. ఇంటర్నెట్‌లో కొన్న ఒక మలాములో అది ఉందని నమ్మించడానికి అతని తరఫువాళ్లు ఏకంగా ఒక నకిలీ వెబ్‌సైట్ సృష్టించారు. లీగ్ అధికారులు అదీ పట్టుకున్నారు.

రెగ్యులర్ సీజన్‌లో మిగిలిన 45, ప్లేఆఫ్స్ మొదటి సిరీస్‌లో 5 కలిపి 50 పూర్తయ్యాయి. రెండో సిరీస్‌కి కాబ్రెరాను తీసుకునే హక్కు జెయింట్స్‌కి ఉంది. వాళ్లు తీసుకోలేదు. గ్రెగర్ బ్లాంకో లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆడాడు, జూలై చివర్లో తెచ్చుకున్న మార్కో స్కూటారో ఆ రెండో సిరీస్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు, జట్టు వరల్డ్ సిరీస్‌లో డెట్రాయిట్ టైగర్స్‌ని 4-0తో ఊడ్చేసింది. అత్యధిక సగటుకి దక్కే బ్యాటింగ్ టైటిల్ తనకి వద్దని కాబ్రెరాయే అడిగాడు, దాంతో అది తోటి ఆటగాడు బస్టర్ పోసీకి దక్కింది. జట్టు హుందాగా నడుచుకుంది, అది ఒప్పుకోవాలి. కానీ ఆ వరల్డ్ సిరీస్ మొదటి రెండు మ్యాచ్‌లు శాన్‌ఫ్రాన్సిస్కోలోనే జరిగాయి. అది ఏ ఆల్‌స్టార్ గెలుపు వల్ల దక్కిందో ఇందాకే చెప్పాను. జెయింట్స్ ఎలాగూ గెలిచేవాళ్లేమో, నేను కాదనను. డెట్రాయిట్ అభిమాని అడిగితే మాత్రం చెప్పడానికి లీగ్ దగ్గర జవాబు లేదు.

అదే డెట్రాయిట్, మరుసటి ఏడాది అటువైపు నిలబడింది. ఈ కథ కొంచెం నింపాదిగా చెప్పాలి.

ఫ్లోరిడాలో బయోజెనెసిస్ అనే క్లినిక్ ఉండేది. ఆంథోనీ బాష్ అనే వ్యక్తి నడిపాడు. 2013 జనవరిలో మయామీ న్యూ టైమ్స్ పత్రిక ఆ క్లినిక్ రికార్డులు బయటపెట్టింది. అందులో బేస్‌బాల్ ఆటగాళ్ల పేర్లున్నాయి. ఆగస్టు 5న ఒకే రోజు పన్నెండు మంది 50 మ్యాచ్‌ల సస్పెన్షన్ ఒప్పుకున్నారు. వాళ్లలో టైగర్స్ షార్ట్‌స్టాప్ జానీ పెరాల్టా ఒకడు, టెక్సాస్ రేంజర్స్ బ్యాటర్ నెల్సన్ క్రూజ్ ఒకడు.

పెరాల్టా పేరు ముందే బయటికి రావడంతో టైగర్స్ జాగ్రత్తపడింది. జూలై 30న మూడు జట్ల మధ్య ఒక మార్పిడి జరిగింది. టైగర్స్‌కి బోస్టన్ నుంచి షార్ట్‌స్టాప్ హోసే ఇగ్లేసియాస్ వచ్చాడు. టైగర్స్ కుర్రాడు అవిసాయిల్ గార్సియా చికాగో వైట్ సాక్స్‌కి వెళ్లాడు. వైట్ సాక్స్ పిచ్చర్ జేక్ పీవీ బోస్టన్ చేరాడు. ఆ అక్టోబరులో టైగర్స్‌ని ఓడించి వరల్డ్ సిరీస్‌కి వెళ్లి గెలిచింది ఎవరనుకున్నారు? బోస్టనే. తన ఆటగాడు చేసిన తప్పుకి ముందుజాగ్రత్తగా ఒక జట్టు చేసుకున్న బేరంలో, తనను ఓడించబోయే జట్టుకి ఒక పిచ్చర్ దొరికాడు. ఇలాంటి పర్యవసానం ఏ శిక్షా పట్టికలోనూ కనబడదు.

అంతకుముందు ఇంకోటి జరిగింది. 50 మ్యాచ్‌లు సీజన్ చివరి వారాంతానికి పూర్తయ్యాయి. పెరాల్టా తిరిగొచ్చాడు. ఇగ్లేసియాస్ షార్ట్‌స్టాప్‌లో ఉన్నాడు కాబట్టి ఇతన్ని లెఫ్ట్ ఫీల్డ్‌లో పెట్టారు. ప్లేఆఫ్స్‌లో ఓక్లాండ్‌తో నాలుగో మ్యాచ్. టైగర్స్ 3-0తో వెనకబడి ఉంది, ఓడితే ఇంటికే. పెరాల్టా మూడు పరుగుల హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొట్టాడు. స్కోరు సమం. ఆ మ్యాచ్ 8-6తో గెలిచారు, ఆఖరి మ్యాచ్ కూడా గెలిచారు, ఓక్లాండ్ ఇంటికి వెళ్లిపోయింది. రెండు నెలల కింద డోపింగ్ ఒప్పుకున్న మనిషి దెబ్బకి సిరీస్ మలుపు తిరిగింది. ఓక్లాండ్ కూడా ఇందులో పూర్తి అమాయకురాలు కాదు. ఆ సిరీస్ మొదటి మ్యాచ్‌లో వాళ్ల పిచ్చర్ బార్టోలో కొలోన్, తను ముందటేడు 50 మ్యాచ్‌లు సస్పెండ్ అయినవాడే. 2012లో అతను వెళ్లిపోయాక ఓక్లాండ్ ఐదుగురు కొత్త కుర్రాళ్లతో పిచింగ్ నెట్టుకొచ్చి, సీజన్ ఆఖరి రోజున తన డివిజన్ (లీగ్‌లో జట్ల గ్రూపు) గెలుచుకుంది. ఆ కుర్రాళ్ల గెలుపు నాకు ఇప్పటికీ ఇష్టమైన జ్ఞాపకం. కానీ మరుసటి ఏడాది అదే జట్టు కొలోన్‌ని మళ్లీ అట్టిపెట్టుకుంది.

ఇదంతా చూశాకే 2014లో ఆటగాళ్ల సంఘం, లీగ్ కలిసి రూల్ బిగించాయి. సస్పెండ్ అయిన ఏడాది ప్లేఆఫ్స్ ఆడకూడదని రాశారు. మంచి పని చేశారు. ఇక్కడొక మాట ఆటగాళ్ల పక్షాన చెప్పాలి. ఈ కట్టడి యాజమాన్యాలు బలవంతంగా రుద్దింది కాదు. డ్రగ్స్ ముట్టని ఆటగాళ్లే తమ సంఘంలో పట్టుబట్టి అడిగారు. అంతకుముందు 2013 నవంబరులో పెరాల్టాకి సెయింట్ లూయిస్ నుంచి నాలుగేళ్లకు 5.3 కోట్ల డాలర్ల కాంట్రాక్టు వచ్చింది. అది చూసి కడుపు మండినవాళ్లు తోటి ఆటగాళ్లే.

నెల్సన్ క్రూజ్ సంగతి వేరు. టెక్సాస్ అతను లేకుండా తడబడుతూ, టాంపా బేతో సమానంగా నిలిచి, ఒక టైబ్రేకర్ మ్యాచ్ ఆడాల్సి వచ్చింది. అప్పటికి అతని 50 పూర్తయ్యాయి. ఆ మ్యాచ్ ఆడాడు, జట్టు 5-2తో ఓడింది. ఆ శీతాకాలం అతన్ని కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. టెక్సాస్ ఇవ్వజూపిన 1.41 కోట్ల డాలర్లు కాదన్న మనిషి, చివరికి బాల్టిమోర్‌లో 80 లక్షలకు చేరాడు. 2014లో 40 హోమ్ రన్స్ కొట్టి అందరికంటే ముందు నిలిచాడు. బాల్టిమోర్ డివిజన్ గెలిచింది. సస్పెన్షన్ దెబ్బ టెక్సాస్ తిన్నది, అదే సస్పెన్షన్ వల్ల చవగ్గా దొరికిన ఆటగాడు బాల్టిమోర్‌కి వెళ్లాడు.

ఇక డబ్బు. బయోజెనెసిస్‌లో అన్నిటికంటే పెద్ద పేరు అలెక్స్ రోడ్రిగెజ్, న్యూయార్క్ యాంకీస్. లీగ్ 211 మ్యాచ్‌లు వేసింది, మధ్యవర్తి ఫ్రెడ్రిక్ హోరోవిట్జ్ 2014 జనవరి 11న దాన్ని 162కి తగ్గించాడు. పూర్తి సీజన్. రోడ్రిగెజ్‌కి ఆ ఏడాది రావలసిన 2.5 కోట్ల డాలర్లలో సుమారు 2.2 కోట్లు యాంకీస్‌కి మిగిలాయి. లగ్జరీ ట్యాక్స్ లెక్కలోనూ ఆ మేరకు తగ్గింది. పదకొండు రోజుల తర్వాత జపాన్ పిచ్చర్ మసహిరో టనాకాతో యాంకీస్ ఏడేళ్లకు 15.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఆ డబ్బూ ఈ డబ్బూ ఒకటేనని ఎవరూ రాసిచ్చి ఉండరు. కానీ 38 ఏళ్ల ఆటగాడి భారం ఏడాదిపాటు దిగిపోవడం ఆ జట్టుకి నష్టం అని నేను ఒప్పుకోలేను.

రాబిన్సన్ కనో ఇంకా స్పష్టమైన ఉదాహరణ. సియాటిల్ మారినర్స్‌లో పదేళ్లకు 24 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. 2018 మేలో మొదటిసారి 80 మ్యాచ్‌లు. అప్పుడు అతని స్థానంలో సెకండ్ బేస్ ఆడిన డీ గార్డన్ కూడా, మయామీలో ఉండగా 2016లో 80 మ్యాచ్‌లు సస్పెండ్ అయినవాడే! ఆ చలికాలంలో సియాటిల్ కనోని మెట్స్‌కి పంపేసింది. 2020 నవంబరులో స్టానోజొలాల్ అనే స్టెరాయిడ్‌తో రెండోసారి దొరికాడు. 2021 సీజన్ మొత్తం పోయింది, 2.4 కోట్ల జీతం మొత్తం పోయింది. అందులో 2 కోట్లకు పైగా మెట్స్‌కి మిగిలింది. వయసు మీదపడిన సెకండ్ బేస్‌మన్ మీద అంత సొమ్ము ఆదా అయిన జట్టు, రెండు నెలలు తిరక్కుండా ఫ్రాన్సిస్కో లిండోర్ లాంటి ఖరీదైన షార్ట్‌స్టాప్‌ని తెచ్చుకుంది. 2022లో కనో తిరిగొచ్చాక నెల రోజులు ఆడించి, ఇంకా 3.7 కోట్లు బాకీ ఉన్నా సరే వద్దనుకుని వదిలేసింది. అంటే ఆ కాంట్రాక్టులో మెట్స్‌కి కలిసొచ్చిన ఏకైక ఏడాది అతను సస్పెన్షన్‌లో ఉన్న ఏడాదే. ఇలాంటి చోట జట్టుకి డోపింగ్‌ని ముందుగానే అరికట్టాలనే ఆసక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

దీనికి ఎదురుగా ఒక్క జట్టు చేసిన పని నాకు చాలా నచ్చింది. మిల్వాకీ బ్రూవర్స్. వాళ్ల హీరో ర్యాన్ బ్రాన్. 2011లో లీగ్ ఉత్తమ ఆటగాడు. ఆ అక్టోబరులోనే టెస్టులో దొరికాడు, కానీ శాంపిల్ సేకరించిన వ్యక్తి దాన్ని వెంటనే పంపకుండా వారాంతం ఇంట్లో ఉంచాడన్న కారణంతో మధ్యవర్తి శ్యామ్ దాస్ 2012లో ఆ శిక్ష కొట్టేశాడు. బ్రాన్ మీడియా ముందు నిలబడి తాను నిర్దోషినని చెబుతూ, ఆ శాంపిల్ తీసుకున్న మనిషి మీద అనుమానం వచ్చేలా మాట్లాడాడు. మరుసటి ఏడాది బయోజెనెసిస్‌లో పేరు వచ్చింది, 65 మ్యాచ్‌ల సస్పెన్షన్ ఒప్పుకున్నాడు, ఆ మనిషికి క్షమాపణ చెప్పాడు. తన పని తాను చేసుకున్న ఒక సామాన్య ఉద్యోగి ఏడాదిన్నర పాటు అబద్ధాల బరువు మోశాడు. నన్ను అడిగితే ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే నీచమైన ఘట్టం అదే, హోమ్ రన్ రికార్డులు కాదు.

బ్రాన్ సస్పెన్షన్ వల్ల బ్రూవర్స్‌కి 30 లక్షల డాలర్లకు పైగా మిగిలాయి. ఆ ఆగస్టులో సొంత మైదానానికి వచ్చిన ప్రతి అభిమానికీ జట్టు పది డాలర్ల వోచర్ ఇచ్చింది. టికెట్లకీ తిండికీ వాడుకోవచ్చు. అంటే మిగిలిన జీతానికి అటూ ఇటుగా అంతే సొమ్ము అభిమానులకు తిరిగి వెళ్లింది. ఏ రూలూ అడగకుండానే చేశారు.

ఇటీవలి కాలానికి వద్దాం. 2025లో రెండు సంఘటనలు. అట్లాంటా బ్రేవ్స్ జనవరిలో జురిక్సన్ ప్రొఫార్‌ని మూడేళ్లకు 4.2 కోట్ల డాలర్లకు తీసుకుంది. సీజన్ మొదలై నాలుగు మ్యాచ్‌లు ఆడితే నాలుగూ ఓడింది. మార్చి 31న ప్రొఫార్‌కి 80 మ్యాచ్‌ల సస్పెన్షన్. ఆ తర్వాత కూడా ఓడి 0-7తో మొదలుపెట్టారు. 2018 నుంచి ఏటా ప్లేఆఫ్స్‌కి వెళ్తున్న జట్టు 76 గెలుపులతో ముగించింది. గాయాలు కూడా చాలా దెబ్బతీశాయి, నింద అంతా ఒక్కడి మీద వేయడం తప్పు. అయినా ఆ సమయంలో వేరే లెఫ్ట్ ఫీల్డర్‌ని ఎక్కడి నుంచి తెస్తారు? కొనదగినవాళ్లంతా జనవరిలోనే అమ్ముడైపోతారు. జట్టుకి జీతం 58 లక్షల దాకా మిగిలింది, దానితో కొనడానికి ఏమీ లేదు.

ఫిలడెల్ఫియా ఫిలీస్‌కి మే నెలలో తగిలింది. చివరి ఇన్నింగ్స్‌లో నూరు మైళ్ల వేగంతో విసిరే ఎడమచేతి పిచ్చర్ హోసే అల్వరాడోకి 80 మ్యాచ్‌లు. ఆగస్టులో తిరిగొస్తాడు, కానీ అక్టోబరులో ఆడకూడదు. ఛాంపియన్‌షిప్ మీద కన్నేసిన జట్టుకి అక్టోబరులో పనికిరాని పిచ్చర్ వల్ల ఏం లాభం? జూలై చివర్లో మినెసోటా నుంచి జొవాన్ డురాన్‌ని తెచ్చుకున్నారు. బదులుగా మిక్ ఏబెల్, ఎడ్వార్డో టేట్ అనే ఇద్దరు కుర్రాళ్లను ఇచ్చారు. టేట్‌కి అప్పుడు 18 ఏళ్లు. ఆ ఇద్దరూ ఎంత గొప్ప ఆటగాళ్లవుతారో ఇప్పుడే చెప్పలేం. అయ్యేదాకా ఫిలీస్ చెల్లించిన అసలు ధర తేలదు. ప్లేఆఫ్స్‌లో డాడ్జర్స్ చేతిలో 3-1తో ఓడిపోయారు.

చూశారు కదా. ఒకే శిక్ష, ఇన్ని రకాల ఫలితాలు. మార్చిలో పడితే ఒకలా, ఆగస్టులో పడితే ఇంకోలా. యువకుడైతే నష్టం, పాత కాంట్రాక్టు ఆటగాడైతే లాభం. బెంచి మీద ఎవరున్నారు అన్నదాన్ని బట్టి ఇంకోలా.

నా మనసులో అన్నిటికంటే బాధపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. ఇందాక చెప్పిన పేర్లు చాలావరకు డొమినికన్ రిపబ్లిక్‌వి. టాటిస్, కనో ఇద్దరూ సాన్ పెడ్రో డె మకోరిస్ అనే ఒకే ఊళ్లో పుట్టారు. లీగ్‌లోని 30 జట్లకూ ఆ చిన్న దేశంలో అకాడమీలున్నాయి. 16 ఏళ్లకే పిల్లలతో సంతకం చేయిస్తారు. అంతకుముందు నాలుగైదేళ్లు ఆ పిల్లలు బుస్కోన్ అని పిలిచే ప్రైవేటు కోచ్‌ల చేతిలో ఉంటారు. వచ్చే సంతకం డబ్బులో ఆ కోచ్‌కి వాటా. బంతిని ఇంకో మూడు మైళ్ల వేగంతో విసిరితే కుటుంబం మొత్తం ఒడ్డున పడుతుందంటే, ఆ ఇంజెక్షన్ ఏంటని ఏ పద్నాలుగేళ్ల పిల్లాడు అడుగుతాడు? అక్కడి సమ్మర్ లీగ్‌లో కుర్రాళ్లు స్టానోజొలాల్‌తోనో, గుర్రాలకు వాడే బోల్డెనోన్‌తోనో దొరికారని లీగ్ తరచూ రెండు వాక్యాల ప్రకటన ఇస్తుంది. ఆ పేర్లు ఎవరూ చదవరు. వాళ్లకి కోట్ల కాంట్రాక్టులు లేవు, తిరిగొచ్చాక చప్పట్లు కొట్టే స్టేడియం లేదు. బ్రాన్ 2014లో తిరిగొచ్చిన మొదటి రోజు మిల్వాకీ ప్రేక్షకులు లేచి నిలబడి స్వాగతించారు. పట్టుబడిన డొమినికన్ కుర్రాడి స్థానంలో మరో కుర్రాడు వస్తాడు, అంతే.

అందుకే నేను కోరేది ఒకటే మార్పు. సస్పెన్షన్ వల్ల మిగిలిన జీతం జట్టు దగ్గర ఉండకూడదు. రూపాయి కూడా. దాన్ని ఒక నిధిలో వేసి, డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా లాంటి చోట్ల పిల్లల వైద్యానికీ చదువుకీ ఆ కోచ్‌ల మీద నిఘాకీ ఖర్చు పెట్టాలి. కనో పోగొట్టుకున్న ఒక్క ఏడాది జీతంతో ఎంతమంది పిల్లలకి నిజాయితీ గల డాక్టర్‌ని ఇవ్వచ్చో ఆలోచించండి. లగ్జరీ ట్యాక్స్ లెక్కలోంచి కూడా ఆ జీతం తీసేయకూడదు.

ఇంతటితో నా మాట ఆపుతాను. ఏమైనా ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒక శ్రోత: ఆటగాడు దొంగతనంగా వాడితే జట్టుకి ఎలా తెలుస్తుందండీ? తెలియని తప్పుకి జట్టుని ఎందుకు శిక్షించాలి?)

మంచి ప్రశ్న అడిగారు. నేను జట్టుని శిక్షించమనడం లేదు. గెలిచిన మ్యాచ్‌లు తీసేయాలని కూడా అనను. అలా చేస్తే నిజాయితీగా ఆడిన మిగతా 25 మందికి అన్యాయం. జట్టుకి తెలియదనే అనుకుందాం. తెలియని తప్పు వల్ల నష్టం రాకూడదని మీరంటున్నారు. మరి తెలియని తప్పు వల్ల లాభం మాత్రం ఎందుకు రావాలి? నేను ఆ లాభం గురించే మాట్లాడుతున్నాను.

(మరొకరు: ఇది జరిగే పనేనా? యజమానులు ఒప్పుకుంటారా?)

యజమానులు తమంతట తాము ఒప్పుకోరు, ఆటగాళ్ల సంఘం అడగాలి. ఎందుకంటే ఆ డబ్బు మొదట ఆటగాడిది, ఆటగాళ్ల మీద ఖర్చు కావలసింది. 2014లో శిక్షలు పెంచమని పట్టుబట్టింది వాళ్లే కాబట్టి ఇది కూడా అడగగలరు. 2022లో కుదిరిన ఒప్పందం గడువు 2026 డిసెంబరు 1 వరకే. తర్వాతి బేరసారాల్లో అందరి చూపూ జీతాల పరిమితి మీదే ఉంటుంది, ఈ చిన్న అంశం ఎవరికీ పట్టకపోవచ్చు. అయినా యజమానులకి దీనివల్ల పోయేది పెద్ద మొత్తమేమీ కాదు, ఏడాదికి పట్టుబడేది కొద్దిమందే. ఒప్పించడానికి సులువైన కోరిక ఇది. ఎవరో ఒకరు బల్ల మీద పెట్టాలి.